పావు అంగుళపు మరక

తాళపత్ర ప్రతులను సరిపోల్చి గ్రంథాన్ని పరిష్కరించేవారికి అడుగడుగునా ఒక సందేహం ఎదురవుతుంది. ఈ వింత అక్షరం లేఖకుని పొరపాటా, లేక కవి ఉద్దేశించిన పాఠమేనా? తొందరపడి దిద్దితే అసలు పాఠం అంతరిస్తుంది. గుడ్డిగా నమ్మితే తప్పు స్థిరపడుతుంది. ఇటువంటి సందేహమే ఖగోళభౌతికశాస్త్రంలో ఒక పరిశోధక విద్యార్థినికి ఎదురయిందని చదివినప్పుడు, తెలుగు పండితుణ్ణైన నాకు ఆమె మా శాఖకు చెందిన మనిషే అనిపించింది.

ఆమె పేరు జోసెలిన్ బెల్. 1943లో ఉత్తర ఐర్లాండులో జన్మించారు. కేంబ్రిడ్జిలో ఆంటొనీ హ్యూయిష్ గారి వద్ద పరిశోధనకు చేరాక తొలి రెండేళ్ళూ రేడియో దూరదర్శిని నిర్మాణంలోనే గడిచాయి. నాలుగున్నర ఎకరాల పొలంలో గుంజలు పాతి, రెండువేలకు పైగా ఏంటెన్నాలను తీగలతో కలపాలి. సమ్మెట పట్టడం కూడా పరిశోధనలో భాగమే! 1967 జూలైలో అది పనిచేయసాగింది. యంత్రపు కలం రోజుకు సుమారు 30 మీటర్ల కాగితం మీద గీతలు గీసేది. వాటిని కంటితో చదవవలసినది ఆమె.

ఆకాశాన్ని ఒకమారు పూర్తిగా పరికిస్తే సుమారు 400 అడుగుల కాగితం అయ్యేది. అందులో పావు అంగుళం మేర ఒక మరక కనబడింది. దానిని ఇంతకుముందు కూడా ఆకాశంలో అదే చోట చూసినట్లు ఆమెకు జ్ఞాపకం వచ్చింది. మనుషుల యంత్రాలు గడియారాన్ని అనుసరిస్తాయి. ఈ మరక నాక్షత్రమానాన్ని అనుసరిస్తూ 23 గంటల 56 నిమిషాలకొకమారు తిరిగివచ్చేది. నవంబరు 28న కాగితాన్ని వేగంగా నడిపించి చూస్తే, 1.34 సెకన్లకొకటి చొప్పున తప్పని లయతో స్పందనలు! అన్యలోకవాసుల సంకేతమేమోనని సరదాగా ‘చిన్ని పచ్చమనుషులు’ అని పేరు పెట్టుకున్నారట. డిసెంబరులో మరొక దిక్కున రెండవది దొరకడంతో ఆ శంక తీరింది. అవి పల్సార్లు, అనగా గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు.

1968 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రిక ఆ వార్తను లోకానికి అందించింది. ఆమె సిద్ధాంతవ్యాసంలో మాత్రం పల్సార్లకు దక్కిన చోటు అనుబంధం. 1974లో నోబెల్ బహుమతి హ్యూయిష్ గారికీ, మార్టిన్ రైల్ గారికీ వచ్చింది. విద్యార్థిని పేరు లేదు. అది సబబేనని ఆమె స్వయంగా సమర్థించారు కానీ, పాఠాలు చెప్పి బతికిన నా మనసు ఒప్పుకోదు. మా రంగంలోనూ పరిష్కర్త పేరు ముఖపత్రం మీద ఉంటుంది. చీకటిగదిలో ఆకులు చదివిపెట్టిన కుర్రవానికి పీఠికలో ఒక వాక్యం దక్కితే భాగ్యం. మొదట చదివినవానికి మొదటి వరుసలో చోటివ్వడం గురుధర్మం కాదా?

తాను కేంబ్రిడ్జికి తగనేమో, పంపించివేస్తారేమో అన్న భయం వల్లనే అంత శ్రద్ధగా పనిచేశానని ఆమె తరువాత చెప్పుకున్నారు. 2018లో ఆమెకు ప్రత్యేక బ్రేక్‌త్రూ పురస్కారం కింద 30 లక్షల డాలర్లు వచ్చాయి. ఒక్క డాలరూ ఉంచుకోలేదు. భౌతికశాస్త్రంలో అరుదుగా కనబడే వర్గాలవారికీ, శరణార్థులకూ పరిశోధక వేతనాలుగా ఇమ్మని మొత్తం దానం చేశారు. నిష్ఠురాలకు పోకుండా, తనవలెనే బెదురుతూ వచ్చే పిల్లలకు దారి వేసిన ఆ తల్లికి ఈ పంతులు నమస్కారాలు.