పలకని ప్లీడరు ఖరీదెంత?

విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతి 1897లో కన్నుమూశాక ఆ ఎస్టేటు వారసత్వం కోర్టుకెక్కింది. ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్న గురజాడ అప్పారావు ఆ దావా కాగితాల మధ్య ఏళ్లు గడిపారు. సాహిత్యాభిమానులకు అదొక బాధ, అంతటి కలం దస్తావేజులకు ఖర్చయిందని. డబ్బు వైపు నుంచి చూస్తే నాకు కనిపించేది వేరు. ఆ పక్షానికి వకీళ్లు ఉన్నారు, వకీళ్ల వెంట ఉండి కాగితం కాగితం చూసే మనిషీ ఉన్నాడు. సోంపేట దగ్గర మూడెకరాల జీడితోటకో, బొబ్బిలిలో నాన్న కట్టిన పెంకుటింటికో పార్టిషన్ దావా వేసే కుటుంబానికి ఆ రెండో మనిషి ఉండడు. వాటాదారుల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు చెన్నైలో, ఇంకొకరు గల్ఫ్‌లో ఉంటారు. ప్లీడరుగారు ఫోను ఎత్తడం మానేశారంటే దావా గురించి తెలుసుకునే దారి మూసుకుపోయినట్టే. దీన్ని మనవాళ్లు మర్యాద విషయంగా తీసుకుని నొచ్చుకుంటారు, ఓపిక పడతారు. నేను మాత్రం దీన్ని ఆస్తి నష్టం పద్దులో రాస్తాను.

ఎందుకంటే కోర్టు గడువులు మన మొహమాటం కోసం ఆగవు. వాయిదా రోజున ప్రతివాది వచ్చి వాది తరఫున ఎవరూ లేకపోతే దావా డిఫాల్టులో కొట్టేస్తారు. దాన్ని తిరిగి తెరిపించడానికి ఉన్నది 30 రోజులు. మీరే ప్రతివాది అయి, మీరు రాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే, దాన్ని రద్దు చేయమనడానికీ 30 రోజులే. వారసత్వ దావాల్లో అసలు ప్రమాదం వేరేచోట ఉంది. వీటిలో కక్షిదారులు తరచూ ముసలివాళ్లు, దావా నడుస్తుండగానే పోతుంటారు. పోయినవారి వారసులను 90 రోజుల్లో రికార్డు మీదికి తేకపోతే వారి మేరకు దావా అబేట్ (రద్దు) అవుతుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి ఇంకో 60 రోజులు. దినకార్యాలు, ఏడూడి మాసికాల మధ్య కుటుంబానికి కోర్టు గుర్తుకు రాదు. గుర్తు చేయాల్సిన మనిషి పలకడు. ఇక గెలిచాక వచ్చే ప్రమాదం ఎవరికీ పట్టదు. ప్రిలిమినరీ డిక్రీ మీ వాటా ఎంతో చెబుతుంది, ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా మీదో చెప్పదు. అది తేలాలంటే కమిషనర్ రావాలి, కొలతలు పడాలి, ఫైనల్ డిక్రీ రావాలి, అది స్టాంపు కాగితాల మీదికి ఎక్కాలి. ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చాక ట్రయల్ కోర్టులు మరో దరఖాస్తు కోసం చూడకుండా ఫైనల్ డిక్రీ వైపు వెళ్లాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా వెంటపడేవాళ్లు లేని ఫైలు నెమ్మదిగానే కదులుతుందని నా అభిప్రాయం. ఫైనల్ డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు డిక్రీ తేదీ నుంచే నడుస్తుంది, స్టాంపు కాగితాలు ఎప్పుడు దాఖలు చేశారన్నది లెక్కలోకి రాదు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. మీ వాటా విలువ 20 లక్షలు అనుకోండి. ఏడాదికి 6 శాతం రాబడి వేసుకున్నా ఒక్క ఏడాది జాప్యం ఖరీదు 1,20,000. కొత్త లాయరుకు మళ్లీ ఫీజు ఎందుకని వెనకాడేవాళ్లు ఈ అంకె పక్కన ఆ ఫీజు పెట్టి చూడాలి. పాత ప్లీడరుకు ఇచ్చేసిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, దాన్ని బట్టి రేపటి నిర్ణయం తీసుకోకూడదు. ‘ఆలస్యమైతే ఏం, భూమి ధర పెరుగుతోంది కదా’ అనేవాళ్లున్నారు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల ఈ మాట గట్టిగా వినిపిస్తుంది. ధర పెరగడం నిజమే. కానీ ఆ పెరుగుదల మీ చేతికి రావాలంటే హద్దులతో సహా వాటా మీదై ఉండాలి. ఈలోగా ఉద్దానం కొబ్బరి, జీడి పిక్కల మీద వచ్చేదంతా స్వాధీనంలో ఉన్నవాడే తింటాడు. ఆ ఫలసాయంలో వాటా కావాలంటే మెస్నే ప్రాఫిట్స్ అని దావాలో అడగాలి. అడిగారో లేదో ప్లీడరును అడిగి తెలుసుకోవాలి! ధర పెరిగేకొద్దీ స్వాధీనంలో ఉన్న అన్నదమ్ముడికి అమ్మేయాలన్న ఆశా పెరుగుతుంది. దావా నడుస్తుండగా జరిగిన అమ్మకం తీర్పుకు లోబడే ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కాపాడుతుంది. దావా బతికి ఉందో లేదో తెలియనివాడికి ఆ రక్షణ మీద ధీమా ఎక్కడిది?

లాయరు తప్పుకు కక్షిదారును కోర్టు శిక్షించదు కదా అన్న నమ్మకం ఒకటుంది. 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అలాగే దయ చూపింది. అదే కోర్టు 2024లో రజనీష్ కుమార్ కేసులో, తన కేసు సంగతి తాను చూసుకోవాల్సిన బాధ్యత కక్షిదారుకూ ఉందనీ, తప్పంతా లాయరు మీదికి నెట్టి జాప్యాన్ని మాఫీ చేయమంటే కుదరదనీ చెప్పింది. ఆ దయను ముందే ఆదాయంగా రాసుకోవద్దు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని 2024 మే 14న సుప్రీంకోర్టు మూసేసింది, న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తేల్చింది. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఘోరమైన నిర్లక్ష్యమైతే చేయాలి కూడా. కానీ అది లాయరును శిక్షించే మార్గం, పోయిన గడువును వెనక్కి తెచ్చేది కాదు.

లాయర్ల పక్షాన ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. పలకని ప్రతి లాయరూ పని మానేసినవాడు కాదు. జడ్జి బదిలీ అయినా, సమన్లు అందకపోయినా చెప్పడానికి ఆయన దగ్గర కొత్త సంగతి ఉండదు. ఇంట్లో పెద్దావిడ పోయిన సంగతి కుటుంబమే చెప్పకపోతే 90 రోజుల గడువు ఆయనకెలా తెలుస్తుంది? అందుకే ముందు నిజం తేల్చుకోవాలి, కోపం తర్వాత. ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16తో సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే గత వాయిదాల్లో ఏం జరిగిందో, వచ్చే వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. అక్కడ దావా సవ్యంగా నడుస్తుంటే ప్లీడరు మౌనాన్ని భరించవచ్చు. ఆయన గైర్హాజరు వరసగా కనిపిస్తే ఇక భరించకూడదు. ఫీజు మొత్తం ముందే ఇచ్చేయడం మన జిల్లాల్లో గౌరవం కింద చెల్లుతోంది. నాకది నచ్చదు. దావా దాఖలుకు ఇంత, సాక్ష్యానికి ఇంత, ఫైనల్ డిక్రీకి ఇంత అని దశలవారీగా రాసుకుని, రసీదు తీసుకుని ఇవ్వడం ఇద్దరికీ మంచిది. ‘గెలిస్తే ఎకరాకు ఇన్ని సెంట్లు’ అనే ఒప్పందాల జోలికి పోవద్దు, బార్ కౌన్సిల్ నిబంధనలే వాటిని నిషేధించాయి.

‘మా ఊరాయన, మా నాన్నకు స్నేహితుడు, ఎలా మారుస్తాం?’ అన్నదే అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. ముందు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి, జవాబుకు గడువు పెట్టండి. రాకపోతే, మీరు సంతకం చేసిన రాతను కోర్టు అనుమతితో దాఖలు చేసి పాత వకాల్తాను ముగించవచ్చు. బాకీ తీర్చేదాకా కేసు కట్ట ఇవ్వనని పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో లాయరుకు ఇచ్చే స్తోమత లేదంటారా? ఆస్తిలో వాటా కోసం కోర్టుకొచ్చేవాళ్లలో ఆడపిల్లలు చాలామంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆ న్యాయవాదీ పలకకపోతే కనీసం నిలదీయడానికి న్యాయ సేవల సంస్థ అనే ఒక కార్యాలయం ఉంటుంది. దాని టోల్‌ఫ్రీ నంబరు 15100.