కడెం వాగు వెంట ఎర్ర చిగుళ్లు

ఫాల్గుణంలో ఆదిలాబాద్ అడవికి వెళితే ముందు వినిపించేది ఎండుటాకుల చప్పుడు. బోథ్ గుట్టల్లో పుట్టిన కడెం వాగు అప్పటికే సన్నబడి, బండల సందుల్లో పాయలుగా సాగుతుంటుంది. గట్ల మీద టేకు మోడులు. వాటి మధ్య ఒంటినిండా పూసిన మోదుగ చెట్టు.

కెమెరాలన్నీ దానివైపే తిరుగుతాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే మాత్రం ఫొటోలో ఒట్టి ఎర్రటి ముద్దే మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తేనే రేకుల మీది నూగు దక్కుతుంది. అసలు వసంతం పూలలో కంటే చిగుళ్లలోనే ఎక్కువ.

నేరడిగొండ దగ్గర కుంటాలలో వాగు దాదాపు 45 మీటర్ల కిందికి దూకుతుంది. వానాకాలపు జనసందడి ఇప్పుడుండదు, ధారా పలచనే. రావి చిగురు కోసం వచ్చినవారికి ఇదే అదను. సూర్యుడు ఆకు వెనక ఉండేలా నిలబడితే రాగిరంగు లేతాకులో ఈనె ఈనే లెక్కపెట్టొచ్చు. అయితే రావాకు క్షణం నిలవదు. గాలి లేవకముందే, పొద్దున్నే తీయాలి.

చిగురుకు ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. పత్రహరితం ఇంకా నిండని లేతాకును ఎండ దెబ్బ నుంచి అది కాస్తుంది. వాన చుక్క లేని రోజుల్లో చిగురెలా వేస్తుందంటే, ఆకులు రాల్చిన చెట్టుకు నీటి ఖర్చు తగ్గి, కాండంలో మళ్లీ తేమ చేరుతుంది. తొలకరికి పురుగులు పెరిగేలోపు ఆకు ముదిరిపోతుంది కూడా.

దిగువన కవ్వాల్ అడవి. 2012లో పులుల అభయారణ్యమైంది. ఇక్కడి గోండు గూడేల్లో తెల్లారకముందే బుట్టలతో ఇప్పచెట్ల కిందికి చేరతారు. రాత్రి విచ్చిన పూలు వేకువకు రాలుతాయి మరి. ఫొటో తీసేవారు అడిగే తీయాలి, పువ్వు తొక్కకూడదు. పూలు కనబడాలని కొన్నిచోట్ల చెట్టు కింద ఆకులు తగలబెడతారు. మంట అదుపు తప్పితే నిరుడు మొలిచిన మొక్కలు కాలిపోతాయి. మోకాళ్ల మీద కూర్చుని ఆ బెత్తెడు మొక్కలనూ ఫొటో తీయాలి. అడవికి రేపటి చెట్లు అవే.

పూలు రాలాక ఇప్ప కొమ్మల చివర్లు రాగిరంగుకు తిరుగుతాయి. కడెం జలాశయం దగ్గర వాగు వెడల్పై నిలుస్తుంది. అది దాటితే గోదావరి ఎంతో దూరం లేదు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి అదే ఇప్ప కొమ్మను అదే చోట నిలబడి తీసేవారికి, రాగి పోయి లేతపచ్చ కనిపిస్తుంది.