స్మోకర్‌లో బూడిద, వాక్యూమ్ క్లీనర్

అమెరికా పెరళ్లలో మాంసాన్ని గంటల తరబడి పొగమీద వండే పెల్లెట్ (కలప గుళికల) స్మోకర్‌కు అడుగున చిన్న నిప్పుగిన్నె ఉంటుంది. అందులో బూడిద పేరుకుంటే గాలి రంధ్రాలు మూసుకుపోయి మంట సరిగా అంటుకోదు. ఆ బూడిద తీయడానికి వాక్యూమ్ క్లీనరే సులువు, కాని ఇంట్లో తివాచీలు ఊడ్చేది పనికిరాదు. మెత్తటి బూడిద దాని ఫిల్టర్‌ను దాటి మోటారులోకి పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం నివురుగప్పిన నిప్పు. బూడిద పొర వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, పైకి చల్లారినట్టున్న నిప్పుకణిక రోజుల తర్వాత కూడా రాజుకోగలదు. వాక్యూమ్ పీల్చే గాలి దానికి కొలిమితిత్తే. లోపలి సంచి కాగితందైతే ఇక చెప్పనక్కర్లేదు. బూడిద కోసమే చేసిన వాక్యూమ్‌లలో లోహపు డబ్బా, లోహపు గొట్టం, నిప్పును తట్టుకునే ఫిల్టర్ ఉంటాయి. వాటితోనైనా పూర్తిగా చల్లారిన బూడిదనే తీసి, మూత ఉన్న లోహపు బకెట్‌లో పోయాలి.