మాయకత్తి పుట్టిల్లు

మా చిల్కూరు బాలాజీకి వీసా బాలాజీ అని ఇంకో పేరుంది. కోరిక కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ మధ్య సెలవులకొచ్చిన మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని 108 తిరుగుతున్నాను. సగం చుట్లయ్యాక వాడికో అనుమానం వచ్చింది.

"మామా, ఈ దేవుడికి కత్తి ఉందా?"

"ఎందుకు లేదు! విష్ణుమూర్తి ఖడ్గం పేరు నందకం. తాళ్లపాక అన్నమయ్య ఆ నందకం అంశతోనే పుట్టాడంటారు."

"అయితే మాయకత్తే! మరి దాన్నెవరు చేశారు?"

నా దగ్గర జవాబు లేదు. చందమామ కథల్లోనూ, విఠలాచార్య సినిమాల్లోనూ మాయకత్తిని ఏ మునో ఇస్తాడు, లేదంటే గుహలో దొరుకుతుంది. దాన్ని కాల్చి సాగగొట్టిన కమ్మరి మాత్రం కనిపించడు. మా తాతది కొలిమి పని కాబట్టి ఈ లోటు నా కంటికే ఎక్కువగా ఆనుతుందేమో!

నిజానికి ప్రపంచమంతా మాయకత్తి అని నమ్మిన ఖడ్గం ఒకటుంది. డమాస్కస్ కత్తి. దానిమీద నీటి అలల్లాంటి చారలుంటాయి. గాల్లో ఎగిరే పట్టుగుడ్డని కోసేస్తుందనీ, బానిస నెత్తుట్లో ముంచి పదును పెడతారనీ కథలల్లారు. 1825లో వాల్టర్ స్కాట్ తన 'టాలిస్మాన్' నవలలో సలాదీన్ చేతికిచ్చింది అలాంటి కత్తినే.

ఆ కత్తులకు కావలసిన ఉక్కు మన దగ్గర్నుంచీ వెళ్లింది. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. (సముద్రం పేరులోనే!) 1820లో వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లేసరికి, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడొకడు ఉక్కు కోసం అక్కడే మకాం వేసి ఉన్నాడు. మన 'ఉక్కు' అన్న మాటే తెల్లవాళ్ల నోట 'ఊట్జ్' అయిందంటారు.

ఇందులో మంత్రం లేదు. ఇనుప ముక్కల్ని బొగ్గుతో పాటు మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కొలిమిలో కాలుస్తారు. ఇనుము బొగ్గును పీల్చుకుని కరుగుతుంది. తర్వాత నిదానంగా చల్లారాలి. అసలు చిక్కు ఆ ముద్దని కత్తిగా సాగగొట్టేటప్పుడు వస్తుంది. ఎర్రటి వేడి మీదే కొట్టాలి, తెల్లగా కాలితే పొడిపొడిగా విరిగిపోతుంది. యూరప్ కమ్మరులు అక్కడే బోల్తాపడ్డారు. ఫారడే అంతటివాడు కూడా ఆ ఉక్కు మర్మం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తిత్తి ఊదే పని నాకప్పగించి తాత అరిచే అరుపు అదే మరి: "ఆపురా! తెల్లగ కాల్తే ఉక్కు సచ్చిపోతది!" తాత చేసింది నాగటి కర్రులూ కొడవళ్లే. కత్తి జోలికి ఎప్పుడూ పోలేదు. కోనసముద్రం పేరు విన్నాడో లేదో కూడా అనుమానమే.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిని పరీక్షించి, అందులో కార్బన్ నానోట్యూబులున్నాయని ప్రకటించారు. అప్పటికి మన మూసలు ఆరిపోయి చాలా ఏళ్లయింది. మిల్లుల ఉక్కు చవగ్గా వచ్చిపడ్డాక పల్లె ఉక్కునెవరు కొంటారు? మా తాత కొలిమి చోటునా ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి.

పర్షియా కత్తుల మీద అసదుల్లా ఇస్ఫహానీ అని కమ్మరి పేరు చెక్కి ఉంటుంది. కోనసముద్రం ఉక్కు ముద్దని మళ్లీ కాల్చి కొడతారాయె, దానిమీద పేరేం నిలుస్తుంది?

తాత చేసిన కొడవలి ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. దానిమీదా ఏ గుర్తూ లేదు. అటకమీద నాలుగు కొడవళ్లు కలిసిపోయి ఉన్నా అమ్మ చీకట్లో చెయ్యి పెట్టి సరిగ్గా దాన్నే తీస్తుంది. ఎలాగమ్మా అంటే, "ఒంపు తెలుస్తది గదరా" అంటుంది.