రాకెట్టూ, అమ్మా, నేనూ

2022 నవంబర్ 18న హైదరాబాద్ స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ శ్రీహరికోటలో లేచింది. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రంలో పడింది. సోమందేపల్లెలో శెనక్కాయలు ఒలుస్తూ టీవీ చూస్తున్న అమ్మ, "అంత పైకి పోయింది, వానేమన్నా తెస్తాదా?" అంది.

నాకు నవ్వు రాలేదు. పదిలో లెక్కల్లో తమ్ముడి కన్నా నాకే ఎక్కువ మార్కులు. వాన లేని ఏడు, డబ్బు ఒక్కరికే ఉంది. వాడికి ఎం.పి.సి., నాకు తెలుగు. (తెలుగు నన్ను బతికించింది, అది వేరే మాట.) ఆ నిర్ణయం అమ్మదే. దీపావళి రాకెట్టు వత్తి కూడా వాడే అంటించేవాడు.

"ఇందులో కలాం-80 మోటారుంది మా. ఘన ఇంధనం. ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆర్పలేరు" అన్నాను.

"ఆర్పేదానికి కాదా?" అమ్మ నా మొహం చూసి, చాట దగ్గరికి లాక్కుంది.