ఓటమిలోని వినోదము

ఆటయందు గెలుపు సంతోషము నిచ్చునని అందరును ఎరుగుదురు. కాని గెలుపు మిక్కిలి సులభమైనచో ఆ సంతోషము ఎంతోసేపు నిలువదు. పులిజూదము ఆడు పిల్లలను చూచినచో ఈ సంగతి తెలియును. పులులు కొలదియే యైనను మేకను దాటి చంపగల బలము వానికి కలదు. మేకలు దుర్బలములైనను అనేకములు. అవి ఒకదానికొకటి అండగా నిలిచినచో పులికి దారి దొరకదు. ఇరుపక్షములకును గెలుతుమను ఆశయు, ఓడుదుమేమో యను భయమును సమానముగా ఉండును. కావుననే ఓడిన బాలుడు రాళ్లను విసరివేయక, మరల పేర్చుమని పట్టుపట్టును.

వీడియో గేములకును ఈ ధర్మమే వర్తించును. వానిలో పెక్కింట ఎదుటిపక్షము యంత్రమే. దానికి ఎంత బలము నొసగవలెను, ఆటగానికి ఏమి తెలుపవలెను, తప్పు చేసినచో ఎట్టి శిక్ష విధింపవలెను అను విషయములను ఆటను రూపొందించువాడు ముందే నిర్ణయించును. ఆటలోని రుచి యంతయు ఆ నిర్ణయములందే యున్నది.

జపాను దేశమునకు చెందిన నింటెండో సంస్థ 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' అను ఆటను వెలువరించెను. షిగేరు మియమోటో దాని ప్రధాన రూపకర్త. ఆట మొదలైనప్పుడు మారియో బొమ్మ తెరకు ఎడమవైపున నిలిచియుండును. కుడివైపున ఖాళీ స్థలముండును. ఎటు పోవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగడుగులు వేయగానే చిన్న శత్రువొకడు ఎదురుగా వచ్చును. వాడు తగిలినచో మారియో ప్రాణము పోవును. ఎగిరి వాని నెత్తిపై దుమికినచో వాడే అణగిపోవును. మొదటిసారి ఓడినను నష్టము స్వల్పమే. కొన్ని క్షణములలో మరల అచ్చటికే చేరవచ్చును. పిదప ప్రశ్నార్థక చిహ్నము గల ఇటుకను క్రిందినుండి కొట్టినచో పుట్టగొడుగు ఒకటి వెలువడును. అది కుడివైపునకు పోయి, గొట్టమునకు తగిలి, వెనుకకు మరలి వచ్చును. దానిని శత్రువని తలచి తప్పించుకొనబోయిన వానికిని అది తరచుగా తగులును. అంతట మారియో పెద్దవాడగును. అది మేలు చేయునదని ఒక్క మాటయైనను లేకుండ ఆట నేర్పినది. ఉత్తముడగు ఉపాధ్యాయుడు చేయు పని ఇట్టిదే కదా!

కష్టము ఎప్పుడు పెరుగవలెననుటయు ముఖ్యమే. 1978లో తొమొహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటలో శత్రువులు హతులైన కొలది మిగిలినవారి వేగము హెచ్చును. ఇది మొదట ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. తెరపై గీయవలసిన బొమ్మలు తగ్గుటచే యంత్రమే త్వరగా పని చేసెను. నిషికాడో దానిని దోషమని తొలగింపక నిలుపుకొనెను. దానివలన ఆటగాడు గెలుపునకు చేరువైన కొలది అతనికి పరీక్షయు కఠినమయ్యెను.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణమును కలదు. అమెరికాలోని అటారి సంస్థ 1982లో ప్రసిద్ధ చలనచిత్రము నొకదానిని ఆధారముగా గొని 'ఇ.టి.' అను ఆటను వెలువరించెను. రూపకర్తయగు హోవర్డ్ స్కాట్ వార్షాకు దొరికిన గడువు సుమారు ఐదు వారములు మాత్రమే. ఆ ఆటలో నాయకుడు మాటిమాటికి గోతులలో పడును. శ్రమపడి పైకి వచ్చి మరల పడును. తాను చేసిన తప్పేమో తెలియక ఆటగాండ్రు విసిగిపోయిరి. అమ్ముడుపోని సరుకులో కొంత 1983లో న్యూ మెక్సికో రాష్ట్రమున పూడ్చివేయబడెను. 2014లో జరిగిన త్రవ్వకములందు ఆ ఆట ప్రతులు బయటపడినవి.

నేడు కొన్ని ఆటలయందు వేరొక పద్ధతి కానవచ్చుచున్నది. ఆటగాడు డబ్బు చెల్లించి మూసిన పెట్టెను కొనును. అందేమున్నదో తెరచువరకు తెలియదు. మంచి వస్తువు రానిచో మరియొక పెట్టె కొనవలెనని తోచును. ఇచ్చట నేర్పునకు పని లేదు. 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము కొన్ని ప్రసిద్ధమైన ఆటలలోని ఇట్టి పెట్టెలు జూదమేయని నిర్ణయించెను.

మంచి ఆటయు, ఈ పెట్టెయు బాలునిచే 'ఇంకొక్కసారి' అనిపించును. చూచుటకు రెండును ఒక్కటే; కాని వాని మూలములు వేరు. మొదటి దానిలో తన తప్పు తనకు తెలిసినందున దానిని దిద్దుకొనుటకై మరల ఆడును. రెండవ దానిలో దిద్దుకొనదగిన తప్పే లేదు. అదృష్టము కొరకు ఎదురుచూచుటయే కలదు. ఒకటి బుద్ధిని పెంచును. మరియొకటి సంచిని ఖాళీ చేయును.

ఆటను పరీక్షించుటకు పెద్ద విద్వత్తు అక్కరలేదు. ఓడిన పిదప 'ఏల ఓడితిని?' అని ఆటగాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. దానికి సమాధానము దొరకినచో అది ఆడదగిన ఆట. దొరకనిచో దానిని విడిచి లేచుట ఓటమి కాదు, వివేకము.