పెద్ద తెరా? అరచేతి తెరా?

మా ఇంట్లో టీవీ ఒక్కటే, రాత్రి 9.30 దాకా అది అమ్మ సీరియళ్ల సొత్తు. మరి వీడియో గేమ్ కన్సోల్ ఏది కొనాలో చెప్పండి!

2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 బొమ్మ సాక్షాత్తూ సెవెంటీ ఎమ్మెమ్మే! కానీ టీవీ ఖాళీ లేకపోతే అది ఉత్త డబ్బా. 2019 నాటి స్విచ్ లైట్ చేతిలో ఇమిడిపోతుంది. తెర 5.5 అంగుళాలు, టీవీకి తగిలించే వీల్లేదు. సెలవులకి అక్క కొడుకు వస్తాడు. ఒకడు ఆడుతుంటే రెండోవాడు భుజం మీంచి తొంగిచూడాలా?

దానికంటే ముందే, 2017లో వచ్చిన అసలు స్విచ్ ఉందే, అది టీవీకీ తగులుతుంది, చేతిలోనూ ఆడుతుంది. రెండు పక్కలా ఉన్న కంట్రోలర్లు ఊడదీస్తే చెరొకటి! సెకండ్ హ్యాండయినా సరే, అదే వెతుకుతున్నాను. బొమ్మలో ప్లేస్టేషన్ జోరు లేదంటారా? లేకపోనీయండి. వాడు పదో క్లాసులో పడేలోపు మాకు మిగిలినవి రెండు వేసవులే.